సీజన్ రాకముందే డ్రైవ్‌ల కాగితాలు చేతికి తీసుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. చిత్తూరు జిల్లాలో తోతాపురి కోతలు ముమ్మరంగా సాగే జూన్, జూలై నెలల్లో ఏదో ఒక గుజ్జు పరిశ్రమలో సాంకేతిక లోపం వల్ల యంత్రాలు నిలిచిపోయాయని, గేటు బయట మామిడి ట్రాక్టర్లు బారులు తీరాయని జిల్లా పేజీలో చదువుతుంటాం. ఆ వార్తలో తప్పేమీ లేదు. అయితే ‘సాంకేతిక లోపం’ అన్న రెండు మాటల దగ్గరే విషయం ఆగిపోవడం వల్ల, ఆ లోపం పిడుగులా ఎక్కడి నుంచో వచ్చి పడిందని, దానికి ఎవరూ ఏమీ చేయలేరని చదివేవారు అనుకుంటారు. ఈ జిల్లాలో పల్ప్ ఫ్యాక్టరీలలోనూ, కొంతకాలం గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలోనూ కలిపి 26 ఏళ్లుగా ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని చేస్తున్నవాడిగా, ఆ రెండు మాటల వెనుక ఏముంటుందో పాఠకులకు, ముఖ్యంగా ఫ్యాక్టరీ యజమానులకు తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పుడు కాయలు కడిగే బెల్టు మొదలుకొని టెంక తీసే యంత్రం, పల్పర్, గుజ్జును స్టెరిలైజర్‌లోకి నెట్టే పంపు వరకు దాదాపు ప్రతి మోటారు వెనుక ఒక డ్రైవ్ ఉంటోంది. అది మనకు అందే 415 వోల్టుల మూడు ఫేజుల కరెంటును ముందుగా డీసీగా మార్చి, కెపాసిటర్లలో నిలిపి, తిరిగి కావలసిన ఫ్రీక్వెన్సీ గల కరెంటుగా మోటారుకు ఇస్తుంది. ఫ్రీక్వెన్సీ తగ్గితే మోటారు వేగం తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది. ఎప్పుడు నడవాలో, ఎంత వేగంతో నడవాలో ఆ డ్రైవ్‌కు చెప్పేది పీఎల్‌సీ అనే చిన్న కంట్రోల్ కంప్యూటర్. నా అనుభవంలో ఈ రెండింటిలో ఏదైనా విడిభాగం వయసు మీరి పాడవడం వల్ల ఫ్యాక్టరీ ఆగిన సందర్భాలు తక్కువ. బిగించిన మొదటి రోజున సగంలో వదిలేసిన సెట్టింగ్ పని సీజన్ మధ్యలో బయటపడి ఆగిన సందర్భాలే ఎక్కువ.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. నేను పని చేసిన ఒక ఫ్యాక్టరీలో కాయలు ఏరే బెల్టు ఉండేది. పీఎల్‌సీ వేగాన్ని సున్నాకు తగ్గించినా ఆ బెల్టు పూర్తిగా నిలవకుండా నెమ్మదిగా పాకుతూనే ఉండేది. అక్కడ పని చేసే ఆడవాళ్లు ‘అన్నా, బెల్టు నిలబడటం లేదు’ అని మొదటి రోజే చెప్పారు. పీఎల్‌సీ కార్డు చెడిపోయిందని కొత్త కార్డు తెప్పించారు, అయినా బెల్టు పాకుతూనే ఉంది. రెండు రోజుల తర్వాత మిల్లీ యాంప్ మీటరు పెట్టి చూశాం. ఎంత వేగం కావాలో పీఎల్‌సీ 4 నుంచి 20 మిల్లీ యాంపుల చిన్న కరెంటు సంకేతంగా పంపుతుంది. సున్నా వేగానికి పంపవలసిన 4 మిల్లీ యాంపులు సరిగ్గానే వస్తున్నాయి. డ్రైవ్‌లో మాత్రం ఆ ఇన్‌పుట్ 0 నుంచి 20 మిల్లీ యాంపులు అని పెట్టి ఉంది. అంటే 4 మిల్లీ యాంపులను డ్రైవ్ 20 శాతం వేగమని చదువుకుని, పూర్తి వేగం 50 హెర్ట్జ్ అయిన మోటారును 10 హెర్ట్జ్ వద్ద తిప్పుతోంది. సగం వేగానికి పంపే 12 మిల్లీ యాంపులు 60 శాతంగా, అంటే 25కు బదులు 30 హెర్ట్జ్‌గా మారుతున్నాయి. పూర్తి వేగం దగ్గర రెండు కొలతలూ 20 మిల్లీ యాంపులే కాబట్టి అక్కడ తేడా కనబడలేదు. బిగించిన రోజున పూర్తి వేగంతో ఒకసారి తిప్పి చూసి, సంతకాలు తీసుకుని వెళ్లిపోయారు. సున్నా వద్ద, సగం వద్ద, పూర్తి వేగం వద్ద మూడుసార్లు చూడటానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు మిగుల్చుకున్నందుకు రెండు రోజుల పని, ఒక కార్డు ఖరీదు పోయాయి. కదలదని నమ్మిన బెల్టు మీద చేతులు పెట్టి పని చేసిన ఆడవాళ్లలో ఎవరికీ దెబ్బ తగలకపోవడం మాత్రం మా అదృష్టం.

సంకేతం 0 నుంచి కాక 4 మిల్లీ యాంపుల నుంచి మొదలుకావడానికి ఒక కారణం ఉంది. తీగ తెగితే సంకేతం సున్నాకు పడిపోతుంది. సున్నా వేగం వేరు, తీగ తెగడం వేరు అని డ్రైవ్ గుర్తుపట్టడానికే ఆ 4 మిల్లీ యాంపుల అడుగు. 0 నుంచి 20 అని పెట్టిన డ్రైవ్‌కు ఆ తేడా ఎప్పటికీ తెలియదు.

ఇక డ్రైవ్ మార్చవలసి వచ్చినప్పటి అవస్థ చెబుతాను. మరో ఫ్యాక్టరీలో ఒక రాత్రి 2 గంటలకు గుజ్జు పంపు డ్రైవ్ కాలిపోయింది. అదే సామర్థ్యం గల కొత్త డ్రైవ్ స్టోర్లో ఉండటంతో అరగంటలో బిగించాం. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. పాత డ్రైవ్‌లోని పారామీటర్లు, అంటే సెట్టింగ్ విలువలు, ఎక్కడా రాసిపెట్టి లేవు, కీప్యాడ్‌లోకి కాపీ చేసి ఉంచలేదు. డ్రైవ్‌తో పాటే అవీ పోయాయి. మోటారు నేమ్ ప్లేట్ మీద గుజ్జు, తుప్పు పేరుకుని కరెంటు ఎన్ని యాంపులో కనబడలేదు. కొన్ని కంపెనీల డ్రైవ్‌లు పెట్టె నుంచి తీసేటప్పటికి 60 హెర్ట్జ్ దేశాలకు తగిన విలువలతో ఉంటాయి. తొందరలో వోల్టేజీని 415గా సరిచేసి, మోటారుకు పూర్తి వోల్టేజీ అందే బేస్ ఫ్రీక్వెన్సీని 60 వద్దే వదిలేస్తే, 50 హెర్ట్జ్ దగ్గర మోటారుకు 415 వోల్టులకు బదులు 346 వోల్టులే అందుతాయి. ఖాళీగా తిరిగేటప్పుడు ఏ తేడా తెలియదు, లోడు పడగానే మోటారు బలం చాలక కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. ఆ రాత్రి మాకు జరిగింది అదే.

దానికి తోడు పంపు ఉల్టా తిరిగింది. మాతో ఉన్న హెల్పర్, పాత స్టార్టర్ల అలవాటు కొద్దీ, డ్రైవ్‌కు వచ్చే మూడు ఫేజులలో రెండింటిని మార్చాడు. పంపు మళ్లీ ఉల్టానే తిరిగింది. డ్రైవ్ లోపల కరెంటు ముందుగా డీసీగా మారిపోతుంది కనుక, వచ్చే వైపు ఫేజులు ఎన్నిసార్లు మార్చినా మోటారు దిశ మారదు. మోటారు వైపు వెళ్లే మూడు తీగలలో రెండింటిని మార్చాలి, లేదా పారామీటరులో దిశ మార్చాలి. ఆ కుర్రవాడిని నేను తప్పుపట్టను. ఇది అతనికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

మోటారు తిరిగాక పీఎల్‌సీ కొత్త డ్రైవ్‌ను గుర్తించలేదు. రెండింటి మధ్య ఆర్‌ఎస్-485 అనే రకం సమాచార తీగ మీద, మోడ్‌బస్ అనే యంత్రాల భాషలో మాటలు నడుస్తాయి. డ్రైవ్ అడ్రస్ నంబరు, బాడ్ రేటు (సమాచారం పంపే వేగం), ప్యారిటీ (తప్పులు పట్టే గుర్తు) అనే మూడు విలువలూ ప్రోగ్రాంలో ఉన్నట్టే డ్రైవ్‌లోనూ ఉండాలి. ప్యారిటీ ఒక్కటి తేడాగా ఉన్నా తీగ బాగుంటుంది, డ్రైవ్ బాగుంటుంది, పీఎల్‌సీ బాగుంటుంది, మాట మాత్రం కలవదు. ఆ మూడు విలువలు తెలిసిన మనిషి ఫోను తెల్లవారి 7 గంటలకు కానీ ఎత్తలేదు. అంతవరకు స్టెరిలైజర్ గొట్టాలలో నిలిచిన గుజ్జు పనికిరాకుండా పోయింది. గొట్టాలన్నీ కడిగి, మళ్లీ స్టెరిలైజ్ చేసి లైను ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. గేటు బయట 30కి పైగా ట్రాక్టర్లు ఉన్నాయి. ఎండలో నిలిచిన లోడులో అడుగు కాయ నలిగి రసం కారుతుంటే రైతు పడే బాధ చూసినవాళ్లకు అది ఒక ఎలక్ట్రికల్ సమస్యగా అనిపించదు.

అడ్రస్ సరిచేసినా సరిపోని సందర్భాలు కూడా ఉంటాయి. పీఎల్‌సీ పంపే అంకెకు పీఎల్‌సీ, డ్రైవ్ రెండూ ఒకటే అర్థం ఇవ్వాలి. సీమెన్స్ పీఎల్‌సీలో పూర్తి స్థాయి అనలాగ్ సంకేతానికి 27648 అనే అంకె వాడతారు. వేరే కంపెనీ కార్డులలో కొన్నింటికి అదే స్థాయి 4000. ఒక తయారీ కార్డు తీసి మరో తయారీ కార్డు పెట్టినప్పుడు ప్రోగ్రాంలో ఈ లెక్క మార్చకపోతే వేగం అర్థం లేకుండా మారిపోతుంది. అలాగే సంకేతాల తీగను మోటారు కేబుల్‌తో కలిపి ఒకే ట్రేలో లాగడం, ఆ తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగును (షీల్డు) సరిగ్గా ఎర్త్ చేయకపోవడం, ఆర్‌ఎస్-485 లైను రెండు చివర్లలో ఉండవలసిన 120 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టకపోవడం వల్ల రోజుకు రెండు మూడుసార్లు వచ్చిపోయే లోపాలు పుడతాయి. మనిషి వచ్చి చూసే సమయానికి కనబడవు కాబట్టి వీటిని పట్టుకోవడం మహా కష్టం.

నన్ను అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టే అలవాటు రీసెట్. డ్రైవ్ ట్రిప్ అయినప్పుడు, అంటే లోపం గుర్తించి తనంతట తాను ఆగినప్పుడు, తెర మీద ఒక నంబరు చూపిస్తుంది. దానిని చదివి, రాసుకుని, కారణం వెతకాలి. సీజన్‌లో ఎవరూ ఆగరు. ‘రీసెట్ కొట్టి నడిపించప్పా, బయట బండ్లు నిలబడి ఉండాయి’ అనే మాట సూపర్‌వైజరు నోటి నుంచి వస్తుంది. ఆయన మీద ఒత్తిడి ఎంతో నాకు తెలుసు. ఒక పల్పర్ డ్రైవ్ ఇలాగే మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు ఓవర్ కరెంట్ అని తొమ్మిదిసార్లు ట్రిప్ అయింది, తొమ్మిదిసార్లూ రీసెట్ నొక్కారు. పదోసారి లోపల మోటారుకు కరెంటు మళ్లించే ఐజీబీటీ మాడ్యూల్ పగిలిపోయింది. తర్వాత మోటారు టెర్మినల్ బాక్సు విప్పితే కడిగిన నీళ్లు కేబుల్ లోపలికి వెళ్లే గ్లాండ్ నుంచి దిగి ఇన్సులేషన్ దెబ్బతిని ఉంది. బాక్సు ఆరబెట్టి కేబుల్ చివర కొత్తగా కట్టుకుంటే పోయే పని, డ్రైవ్ ఖరీదు వరకు వెళ్లింది.

ఆ నంబరు కన్నా కూడా ట్రిప్ ఎప్పుడు అయిందన్నది ఎక్కువ విషయం చెబుతుంది. చాలా డ్రైవ్‌లు ట్రిప్ అయిన క్షణంలో ఫ్రీక్వెన్సీ, కరెంటు, డీసీ వోల్టేజీ ఎంతెంత ఉన్నాయో గుర్తుపెట్టుకుంటాయి. వేగం అందుకునేటప్పుడు ఓవర్ కరెంట్ వస్తే ర్యాంప్ సమయం (వేగం అందుకోవడానికి ఇచ్చే సమయం) మరీ తక్కువగా పెట్టారేమో, యంత్రంలో టెంకలు ఇరుక్కున్నాయేమో చూడాలి. నిలకడగా నడుస్తూ ఉన్నట్టుండి వస్తే బేరింగ్, గేర్ బాక్సు, లోడు చూడాలి. అనుమానం తీరకపోతే కరెంటు ఆపి, మోటారు తీగలు విప్పి డ్రైవ్‌ను ఒంటరిగా నడిపి చూడాలి. అప్పుడూ ట్రిప్ అయితే లోపం డ్రైవ్‌లో, కాకపోతే కేబుల్‌లోనో మోటారులోనో ఉన్నట్టు. ఆ తర్వాతే ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ తీయాలి, అది కూడా కేబుల్‌ను డ్రైవ్ నుంచి పూర్తిగా విడదీసిన తర్వాతే. డ్రైవ్‌కు తగిలించి ఉండగా మెగ్గర్ వేసి బాగున్న డ్రైవ్‌ను చంపుకున్న చోట్లు నాకు తెలుసు. ఇక ఆపేటప్పుడు ఓవర్ వోల్టేజ్ అని ట్రిప్ అయితే చాలామంది లైను వోల్టేజీని అనుమానిస్తారు. సెంట్రిఫ్యూజ్ వంటి బరువైన యంత్రాన్ని తొందరగా ఆపబోతే అది మోటారును జనరేటరుగా మార్చి కరెంటును వెనక్కి నెడుతుంది. మామూలుగా 587 వోల్టుల చుట్టుపక్కల ఉండే డీసీ 800 వోల్టుల దరిదాపులకు ఎక్కి డ్రైవ్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఆగే సమయం పెంచాలి, లేదంటే బ్రేకింగ్ రెసిస్టర్ పెట్టాలి.

మన గుజ్జు పరిశ్రమలకు ఉన్న ప్రత్యేక సమస్య మరొకటి ఉంది. ఇవి ఏడాదిలో రెండు మూడు నెలలు పగలు రాత్రి నడిచి, ఆ తర్వాత చాలా చోట్ల మెయిన్ ఆపి తాళం వేసుకుంటాయి. పాత తరం పీఎల్‌సీలలో కొన్నింటిలో కరెంటు లేనప్పుడు ప్రోగ్రాం నిలిచేది ఒక చిన్న బ్యాటరీ మీద. ఆ బ్యాటరీ అయిపోతే ప్రోగ్రాం చెరిగిపోతుంది. సీజన్ మొదటి రోజు స్విచ్ వేసినప్పుడు ఖాళీ పీఎల్‌సీ ఎదురైన అనుభవం నాకు ఒకసారి ఉంది. ఆ రోజు పడిన కంగారు ఇంకా గుర్తుంది. ఏడాదికి పైగా కరెంటు చూడని డ్రైవ్‌ను, స్టోర్లో ఉన్న స్పేర్‌తో సహా, ఒక్కసారిగా పూర్తి వోల్టేజీకి కలపకూడదు. లోపలి కెపాసిటర్లను తయారీదారు చెప్పిన పద్ధతిలో మెల్లగా వోల్టేజీ పెంచుతూ తిరిగి సిద్ధం చేయాలి. మూసి ఉన్న నెలల్లో అప్పుడప్పుడు కొన్ని గంటలు కరెంటు ఇచ్చి ఉంచితే ఆ బెడద ఉండదు.

వేడి సంగతి కూడా అంతే. చాలా డ్రైవ్‌ల పూర్తి సామర్థ్యం చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీలు దాటనంతవరకే. ఆపైన వాటి మీద లోడు తగ్గించాలి. తిరుపతి, చిత్తూరు ఎండల్లో బయటి గాలే ఆ గీత దాటుతుంటే, మూసిన ప్యానెల్ లోపల ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ప్యానెల్ తలుపు తెరిచి ఎదురుగా పెడస్టల్ ఫ్యాను పెట్టడం మనవైపు మామూలైపోయింది. దానివల్ల దుమ్ము, తడి నేరుగా కార్డుల మీదికి చేరతాయి. ఫిల్టర్లు శుభ్రం చేయడం, ఆగిన కూలింగ్ ఫ్యాన్లు మార్చడం అంతకన్నా చౌకైన పని.

ప్రాణాలకు సంబంధించిన రెండు మాటలు కూడా చెప్పాలి. డ్రైవ్ ఆగి ఉంది, తెర మీద సున్నా కనబడుతోంది అంటే కరెంటు లేదని కాదు. మెయిన్ ఆపిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది. డ్రైవ్ మీద రాసిన సమయం ఆగి, మీటరుతో డీసీ టెర్మినల్స్ చూసి, ఆ తర్వాతే చేయి పెట్టాలి. రెండోది, ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ను మామూలు పీఎల్‌సీకి ఒక ఇన్‌పుట్‌గా మాత్రమే ఇచ్చి, ఆపడం ప్రోగ్రాం చూసుకుంటుందని వదిలేసిన చోట్లు ఉన్నాయి. పీఎల్‌సీ బిగుసుకుపోయినా, కమ్యూనికేషన్ తెగినా ఆ బటన్ పని చేయాలి. డ్రైవ్‌లో మోటారు బలాన్ని నేరుగా ఆపేసే సేఫ్ టార్క్ ఆఫ్ టెర్మినల్స్‌కు సేఫ్టీ రిలే ద్వారా విడిగా తీగ వేసి తీరాలి.

యజమానులకు నా విన్నపం ఇది. కొత్త లైను వేయించుకున్నప్పుడు యంత్రంతో పాటు దాని కాగితాలు కూడా అడిగి తీసుకోండి. ప్రతి డ్రైవ్ పారామీటర్ల జాబితా, మోటారు నేమ్ ప్లేట్ వివరాలు, ఏ డ్రైవ్‌కు ఏ అడ్రస్ అన్నది, తాజా వైరింగ్ బొమ్మలు, పీఎల్‌సీ ప్రోగ్రాం వివరణలతో సహా మీ దగ్గర ఉండాలి. పాస్‌వర్డ్ విషయంలో మొహమాటం వద్దు. లైను వేసిన సంస్థ తన పని నైపుణ్యాన్ని కాపాడుకోవాలనుకోవడం న్యాయమే, దానిని నేను కాదనను. కానీ ప్రోగ్రాంను చదవడానికి, తిరిగి ఎక్కించడానికి కూడా వీలులేకుండా తాళం వేసి వెళ్తే, అర్ధరాత్రి ఒక సెన్సర్ మారినందుకు చెన్నై నుంచో బెంగళూరు నుంచో మనిషి వచ్చేవరకు కాయలు కుళ్లవలసిందే. చివరి చెల్లింపు ఇచ్చేముందు మీ మెయింటెనెన్స్ మనిషి ఎదుట ఒక డ్రైవ్‌ను మొదటి నుంచి సెట్ చేయించి, ప్రోగ్రాంను మీ ల్యాప్‌టాప్ నుంచి ఒకసారి ఎక్కించి చూపించమనండి. ఈ షరతు కొనుగోలు ఆర్డరులోనే ఉండాలి, తర్వాత అడిగితే జరగదు.

అలాగే ఏప్రిల్, మే నెలల్లో మెయింటెనెన్స్ వారికి కనీసం పది రోజులు ఇవ్వండి. ఇప్పుడు ఆ రోజుల్లో మాకు పెయింటింగులు, షెడ్డు దీపాలు, జనరేటరు పనులు అప్పగిస్తున్నారు. ఎర్తింగ్, ప్యానెల్ ఫ్యాన్లు, ఫాల్ట్ చరిత్ర, పీఎల్‌సీ బ్యాటరీ, మూడు వేగాల పరీక్ష, స్టాప్ బటన్లు చూసుకోవడానికి సమయం మిగలడం లేదు.

ప్రభుత్వానికి ఒక మాట. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాఠాలలో డ్రైవ్‌లు ఉన్నాయి. అయితే మా దగ్గరకు అప్రెంటిస్‌లుగా వచ్చే పిల్లలలో చాలామంది పని చేసే డ్రైవ్‌కు లోపం సృష్టించి, దానిని వెతికి, సరిచేసిన అనుభవం లేకుండానే వస్తున్నారు. స్టార్-డెల్టా స్టార్టర్ కళ్లు మూసుకుని వైరింగ్ చేయగల తెలివైన పిల్లలు వీరు. ఒక చిన్న డ్రైవ్, చిన్న పీఎల్‌సీ, ఒక హెచ్‌పీ మోటారు బల్ల మీద బిగించి, అధ్యాపకుడు ఒక పారామీటరు చెడగొట్టి కారణం కనుక్కోమంటే, నెల తిరిగేసరికి వారికి చేయి తిరుగుతుంది. శ్రీసిటీ, రేణిగుంట వైపు కొత్త ఫ్యాక్టరీలు ఎదిగిన తిరుపతి జిల్లాలో ఈ పని తెలిసిన కుర్రవాళ్లకు ఉద్యోగం వెతుక్కునే అవసరం ఉండదు. ఫాల్ట్ నంబర్ల పుస్తకాలు ఇంగ్లీషులోనే ఉండటం కూడా వారికి ఒక అడ్డంకి. ముఖ్యమైన ఇరవై ముప్పై ఫాల్టులకు తెలుగులో కారణం, చూడవలసిన చోటు రాసి ప్యానెల్ తలుపు లోపల అతికిస్తే రాత్రి షిఫ్టు హెల్పర్ కూడా చదువుకోగలడు. నేను మా దగ్గర ఉన్న డ్రైవ్‌కు అలా ఒక కాగితం రాసి అతికించాను.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఈసారి ఏ ఫ్యాక్టరీ అయినా ఆగిపోయిందన్న వార్త వస్తే, దయచేసి మీ విలేకరిని ఇంకో రెండు ప్రశ్నలు అడగమనండి: ఏ యంత్రం డ్రైవ్ ఏ నంబరు చూపించి ఆగింది, దాని పారామీటర్ల జాబితా ఫ్యాక్టరీలో ఉందా? ప్రస్తుతం నేను పని చేస్తున్న చోట 14 డ్రైవ్‌లు ఉన్నాయి. వాటిలో 11 డ్రైవ్‌ల పారామీటర్లు నోటు పుస్తకంలోకి ఎక్కించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్యానెల్ తలుపుకు కట్టాను. మిగిలిన మూడు స్టెరిలైజర్ వైపువి. వాటి పాస్‌వర్డ్ కోసం లైను వేసిన సంస్థకు మా మేనేజరు గారి చేత ఉత్తరం పంపించాను, జవాబు కోసం చూస్తున్నాను.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్,
చిత్తూరు